బట్టీ చదివిన కాగితం

ఆ వానాకాలం దాకా మా కాపురం ఒక్క తాళంచెవి మీద నడిచింది. నాది పొద్దుటి షిఫ్టు, మా ఆయనది మధ్యాహ్నం షిఫ్టు. రెండు గంటలకు సైరను మోగగానే నేను కార్ఖానా గేటులోంచి బయటికి వచ్చేదాన్ని. లోపలికి వెళ్ళడానికి ఆయన అక్కడ నిలబడి ఉండేవాడు. జేబులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టేవాడు. కూర ఎక్కడ మూతపెట్టాడో, ఉతికిన బట్టలు లోపల వేశాడో లేదో, ఆ నాలుగు ముక్కలూ చెప్పుకునేలోపే గేటు దగ్గర కాపలా మనిషి "ఇక చాల్లే, ఆట అయిపోయింది" అని తలుపు చప్పుడు చేసేవాడు. రెండో తాళంచెవి చేయించుకోలేరా అని మమ్మల్ని అడగనివాళ్ళు లేరు. గేటు ఎదురుగానే తాళాలు బాగుచేసేవాడి కొట్టు. చేయించుకుంటే ఆ కాస్తసేపు నిలబడడానికి మాకు సాకు ఉండదు. పెళ్ళయి మూడేళ్ళయినా ఇద్దరం మెలకువగా ఒకే ఇంట్లో ఉన్న పూటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వారం సెలవులు కూడా మాకు చెరో రోజు ఇచ్చారు మహానుభావులు.

కప్పులు, సాసర్లు, జగ్గులు చేసే పింగాణీ కార్ఖానా అది. నేను సర్దే గదిలో పనిచేసేదాన్ని. కాలి చల్లారి వచ్చిన కప్పును గోటితో మీటడం, ఖంగుమంటే గడ్డిలో చుట్టి పెట్టెలో పెట్టడం, బొంగురుగా పలికితే పక్కన పడేయడం నా పని. ఆ కప్పుల్ని కాల్చే బట్టీకి మేస్త్రి మా మామయ్య, మా ఆయన తండ్రి. మా ఆయన తండ్రి దగ్గరే పని నేర్చుకుని, బట్టీ నింపడం, మంట వెయ్యడం చూసుకునేవాడు. మామయ్యకు మాత్రం షిఫ్టు లేదు. ఎప్పుడు రావాలో బట్టీయే కబురు పెడుతుందనేవాడు.

మామయ్యకు అక్షరం ముక్క రాదు. అయినా మంట ఆర్పిన దగ్గర్నుంచి రోజూ న్యూస్ పేపరు కొనేవాడు. రెండు వేళ్ళ వెడల్పు ముక్క చింపి, పొడుగాటి ఇనపచువ్వ చివర గుచ్చి, బట్టీ తలుపు మూసిన ఇటుకల్లో ఒకటి ఊడదీసి, ఆ కంతలోంచి లోపల పెట్టేవాడు. ఒక బీడీ కాలేంతసేపు ఉంచి తీసేవాడు. కాగితం మాడితే ఇంకా రెండు రోజులు. పసుపుపచ్చగా మారితే ఒక రోజు. తెల్లగా వస్తే తలుపు తీయొచ్చు. "మా ఇంట్లో పేపరు చదివేది బట్టీ ఒక్కటే" అని నవ్వేవాడు. ఇవాళ ఏం వార్తలు మామయ్యా అని అడిగితే, "ఇంకా కోపంగానే ఉందమ్మా, రేపు పలకరిద్దాం" అనేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన తలుపు తీయించిన బట్టీలో కప్పు పగిలిందంటే చేసినవాడి తప్పే తప్ప కాల్చినవాడి తప్పు కాదని అందరూ ఒప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి చిన్నసారు దిగాడు. పెద్ద యజమాని కొడుకు. ఎక్కడో చదువుకుని వచ్చాడు. మమ్మల్నందర్నీ మట్టి కలిపే దొడ్లో నిలబెట్టి, ఇది మీ కార్ఖానా, దీన్ని ఎలా నడపాలో మీరూ చెప్పాలి, అందుకు మీలోంచి ఐదుగురితో కమిటీ వేసుకోండి అన్నాడు. మా నాయనే, ఎంత మాట అన్నావురా అనుకున్నాం. మేం చేసిన జగ్గులోనే చీటీలు వేశాం. చక్రం గదిలో పనిచేసే ఒకాయన అధ్యక్షుడయ్యాడు. ఆయన గొంతు పెద్దది కాబట్టి ఆయన్ని మైకు అనేవాళ్ళం. నా రాత గుండ్రంగా ఉంటుందని రిజిస్టరు నాకిచ్చారు. బట్టీ దగ్గర ఉన్నదే ఇద్దరు, వాళ్ళకు వేరే మనిషి ఎందుకని సర్దే గదితో కలిపేశారు. అంటే బట్టీ తరఫున కూడా నేనే. ఆ సాయంత్రం మామయ్య చాలా సంతోషపడ్డాడు. "బట్టీకి నోరు లేదమ్మా. నాకున్నా లేనట్టే. ఇక నువ్వే మాట్లాడాలి" అన్నాడు.

కమిటీని వెక్కిరించడం నాకు ఇప్పుడు చాలా తేలిక. కాని అప్పుడు వెక్కిరించలేదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి పదిహేనేళ్ళుగా గడియ లేదు. ఒకరు లోపలుంటే ఒకరు బయట కాపలా కాసేవాళ్ళం. మా మొదటి తీర్మానంతో వారంలో గడియ పడింది. ఆ రోజు సర్దే గదిలో ఉన్న పద్నాలుగు మందిమీ పనున్నా లేకపోయినా ఒకసారి వెళ్ళి గడియ వేసుకుని వచ్చాం. ముసలావిడ ఒకామె లోపలే కూర్చుని ఎంతకీ రాకపోతే, కాపురం పెట్టావా ఏంటి అని బయట్నుంచి నవ్వులు. మనం నోరు తెరిస్తే ఒక పని జరుగుతుందని నాకు జన్మలో మొదటిసారి తెలిసింది ఆ గడియతోనే.

తర్వాత నీళ్ళ డ్రమ్ము నీడలోకి జరిగింది, టీ వేళ మారింది. అప్పుడు అసలు సంగతి అడిగాం. ఎవరు ఏ షిఫ్టు చెయ్యాలో మేమే వేసుకుంటామన్నాం. మైకు భార్య మంచంలో ఉంది, పొద్దుటి పూట ఆమెకు ఒళ్ళు తుడిచే మనిషి లేదు. నాకేం కావాలో ఆ గేటు దగ్గర కాపలా మనిషికి కూడా తెలుసు. చిన్నసారు నవ్వి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏంటో ఒకరి కింద పనిచేసిన ఎవరికీ చెప్పక్కర్లేదు.

పది రోజులుగా వాన తెరిపి ఇవ్వని ఒక వారంలో పెద్ద హోటలు సరుకు బట్టీలో ఉంది. ఆదివారం మంట ఆర్పారు. శుక్రవారం తలుపు తీస్తానని మామయ్య ముందే చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం కమిటీ కూర్చున్నప్పుడు చిన్నసారు తానే వచ్చాడు. కుర్చీ ఇస్తే వద్దని గడ్డి పెట్టె మీద కూర్చున్నాడు. హోటలువాళ్ళ లారీ రేపు సాయంత్రమే వస్తుందట, శుక్రవారం అంటే సరుకు వద్దంటున్నారట. రేపు కప్పులు లారీ ఎక్కితే వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి షిఫ్టులు కమిటీయే వేసుకోవచ్చట.

"నేనేం చెప్పను. బట్టీ ఎప్పుడు తెరవాలో మీరే తేల్చండి. మీ కార్ఖానా" అని, గడ్డి దులుపుకుని వెళ్ళిపోయాడు.

మామయ్యను పిలిపించారు. తడిసిన గొంగడి కప్పుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు, నేల బురదవుతుందని లోపలికి రాలేదు. శుక్రవారమే అన్నాడు. తాను ఇప్పుడే బట్టీ గోడ మీద చెయ్యి పెట్టి చూశానని, చల్లగా ఉందని మైకు అన్నాడు. వాన కొట్టి గోడ చల్లబడుతుంది కాని లోపల చల్లారదని, వానాకాలం గోడను నమ్మినవాడు మునుగుతాడని మామయ్య చెప్పాడు. కాగితం ముక్కలు కాల్చి చెప్పే జోస్యానికి ఐదుగురి మాట ఆగిపోవాలా అని ఇంకొకరు అందుకున్నారు. మైకు గొంతు మొదటిసారి తగ్గింది.

"మేస్త్రీ, ఇన్నాళ్ళూ వాళ్ళు చెప్పారు, మనం చేశాం. ఇవాళ మన చేతికి ఒక మాట వచ్చింది. ఒక్క రోజు కోసం దాన్ని పోగొట్టుకోమంటావా?"

"మాటలకు చల్లారేది కాదు నాయనా అది" అన్నాడు మామయ్య.

చేతులెత్తమన్నారు. మైకూ, ఇంకొకరూ ఎత్తారు. ఇద్దరు ఎత్తలేదు. మిగిలింది నేను. అందరూ నా వంకే చూస్తున్నారు. నాకు ఆ క్షణంలో బట్టీ కనపడలేదు. మా ఇంట్లో పీట వాల్చి ముగ్గురం కలిసి భోంచెయ్యడం, నేను వడ్డిస్తుంటే మా ఆయన మెలకువగా, మాటలు చెబుతూ కూర్చోవడం కనపడింది. చెయ్యి ఎత్తాను. నాకు తెలియక ఎత్తానని ఎవరైనా జాలిపడబోతే వద్దని చెబుతాను. ఆ ఐదుగురిలో ఆ కాగితాల సంగతి బాగా తెలిసింది నాకే.

మామయ్య నన్ను చూడలేదు, బయట వాన వంక చూస్తున్నాడు. నేను తీర్మానం రాశాను. గురువారం పొద్దున ఏడు గంటలకు బట్టీ తెరవాలని కమిటీ నిర్ణయించడమైనది. ఐదు సంతకాలూ అయ్యాక ఆయన అడిగాడు.

"ఆ కాగితం అడుగున ఖాళీ ఏమైనా ఉందా అమ్మా? ఇవాళ పేపరు తడిసిపోయింది."

రిజిస్టరు జరిపాను. తడి వేళ్ళు గొంగడికి తుడుచుకుని, సంతకాల కింద రెండు వేళ్ళ వెడల్పున జాగ్రత్తగా చింపుకుని వెళ్ళాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. నేను కలం మూత పెట్టి, సంచి సర్దుకునేసరికి తిరిగి వచ్చాడు. ముక్క నా చేతిలో పెట్టాడు. పసుపు కాదు, ముదురు గోధుమ రంగు. అంచులు ముడుచుకుపోయి, పట్టుకుంటే పెళుసుగా విరుగుతోంది.

"చదువుకున్నదానివి. చదువు" అన్నాడు.

కిటికీలోంచి మైకు కనపడుతున్నాడు. తల మీద గోనెపట్టా కప్పుకుని దొడ్డి దాటుతున్నాడు. ఒక్క కేక వేస్తే ఆగేవాడు. ఇద్దరు ఎత్తని చేతులకు నాది తోడైతే తీర్మానం అక్కడే చచ్చేది. నేను ఆ ముక్కను రిజిస్టరులో పెట్టి మూశాను. మామయ్య సరేనమ్మా అని వెళ్ళిపోయాడు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

గురువారం పొద్దున మా ఆయన తన షిఫ్టు కాకపోయినా వచ్చాడు. తలుపు ఇటుకలు తీయడానికి ముందుకు వస్తే మామయ్య వద్దన్నాడు. ఎవరి చెయ్యీ పడనివ్వలేదు, తనే తీశాడు. పై వరస తీయగానే వేడి మొహానికి కొట్టింది. మూడో వరస తీసేసరికి ఈదురుగాలి వాన తుంపరతో సహా లోపలికి దూరింది. కాసేపు ఏమీ కాలేదు. చూశారా అన్నట్టు మైకు నా వైపు తిరిగాడు. అప్పుడు లోపలెక్కడో టింగుమంది.

ఒకటి. ఆగి, ఇంకొకటి. తర్వాత గబగబా అటూ ఇటూ, పైనా కిందా. నా జీవితమంతా గోటితో మీటి విన్న చప్పుడు అది, ఈసారి ఎవరూ మీటకుండానే కప్పులు వాటంతట అవే పలుకుతున్నాయి. చేసినవాళ్ళూ, రంగు వేసినవాళ్ళూ, మోసినవాళ్ళూ అందరం వానలో నిలబడి విన్నాం. ఇరవై నిమిషాలు పట్టింది ఆగడానికి. మామయ్య చివరిదాకా ఇటుక ఒకటి చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. మధ్యాహ్నం సర్దే గదికి వచ్చిన సరుకులో పదింట ఒకటి కూడా ఖంగుమనలేదు. లారీ ఖాళీగా వెళ్ళింది.

చిన్నసారు అరవలేదు. అరిచి ఉంటే మాకూ ఒక శత్రువు ఉండేవాడు. శనివారం కమిటీ గదికి వచ్చి, మళ్ళీ ఆ గడ్డి పెట్టె మీదే కూర్చున్నాడు. నాన్నగారు మండిపడుతున్నారని చెప్పాడు. ఇది కమిటీ చేసిన తప్పయితే ఇక కమిటీ ఉండడానికి ఆయన ఒప్పుకోరట. పనివాడెవరైనా చేసిన పొరపాటయితే వేరే సంగతట. షిఫ్టుల విషయంలో తను మాట తప్పేవాడు కాదట. "ఏం జరిగిందో మీరే రాసివ్వండి. మీ మీద నాకు నమ్మకం ఉంది" అన్నాడు. అంత మెత్తని కత్తి నేను ఇప్పటిదాకా చూడలేదు.

 ఆయన వెళ్ళాక మైకు, తల వంచుకునే, మేస్త్రికి ఎలాగూ వయసయిందని, మహా అయితే ఇంకో రెండేళ్ళు చేస్తాడని అన్నాడు. "కమిటీ పోతే మళ్ళీ మన జన్మలో రాదు. ఆ గడియ కూడా ఊడబీక్కుపోతారు" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, అది నేను చూశాను, అబద్ధం చెప్పను. బట్టీ తరఫు మనిషివి, నువ్వే చెప్పాలమ్మా అన్నారు అందరూ. బట్టీకి నోరు నేనే కదా మరి.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేం ఐదుగురం మా పిడికెళ్ళన్నీ తీసుకెళ్ళి ఒక్క ముసలాయన దోసిట్లో పోశాం. బట్టీ మేస్త్రి అజాగ్రత్తగా వేళ కాని వేళ తలుపు తెరిచినందున నష్టం జరిగినదనియు, ఆయనకు విశ్రాంతి ఇవ్వవలసినదనియు కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడుతున్నది. అంతా నా గుండ్రటి రాతే. బుధవారం నాటి పేజీ చింపెయ్యమన్నారు. చింపాను. ఆ పేజీ, అందులోని మాడిన ముక్క ఇప్పటికీ నా పెట్టెలో చీరల అడుగున ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్న ఆలోచన ఒకటి చెబుతాను, వినండి. మా బతుకులు ఏ వేళ ఎలా గడవాలో తేల్చుకోవడం మా హక్కు. దాన్ని చిన్నసారు బహుమతి చేసి చూపించాడు. బట్టీ చల్లారిందో లేదో తేల్చడం ఒక్క మామయ్య పని. దాన్ని మాకు హక్కు చేసి ఇచ్చాడు. మేం రెండు చేతులా పుచ్చుకున్నాం.

కార్ఖానా కాగితం మంగళవారం ఇంటికి వచ్చింది. ఆ రోజు మా ఆయనకు సెలవు. నేను పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను, తండ్రీ కొడుకులు వసారాలో కూర్చుని ఉన్నారు. మా ఆయన పైకి చదువుతున్నాడు. ఒకటో తారీఖు నుంచి మామయ్య పనిలోకి రానక్కర్లేదన్న తమ ఉత్తరానికి ఆఫీసువాళ్ళు నేను రాసిన కాగితాన్నే జతచేసి పంపారు. చదువుతున్నవాడు మధ్యలో ఒక్క క్షణం ఆగాడు. చాకలి పద్దు నుంచి కిరాణా చీటీ దాకా మూడేళ్ళుగా చూస్తున్న రాత. మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చదివాడు.

మామయ్య చెయ్యి చాచి ఆ కాగితం తీసుకున్నాడు. వెలుతురు వైపు తిప్పి, వెనక్కి తిప్పి చూశాడు.

"తెల్లగానే ఉందే" అన్నాడు.

మడిచి కొడుక్కి ఇచ్చేసి, లోపలికి వెళ్ళి పడుకున్నాడు. మా ఆయన నా వంక చూశాడు.

"మాడిన ముక్క నీకిచ్చాడట. ఎవరికైనా చూపించావా?"

కాళ్ళు ఎప్పుడో కడుక్కోవడం అయిపోయింది. ఇంకా చెంబుతో నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాను. ఆయన రెండోసారి అడగలేదు.

చిన్నసారు మాట తప్పలేదు. ఒకటో తారీఖు నుంచి షిఫ్టులు మా చేతికి వచ్చాయి. మొదటి పట్టిక నేనే రాశాను. మైకుకు మధ్యాహ్నం వచ్చింది, పొద్దున భార్య దగ్గర ఉండొచ్చు. మా ఇద్దర్నీ పొద్దుటి షిఫ్టులో పక్కపక్కన రాసి, కాస్త ఆగి ఆ వరస చూసుకున్నాను. మర్నాడు కమిటీకి మా ఆయన రాతతో ఒక చీటీ వచ్చింది. బట్టీ మనిషి తనను మధ్యాహ్నం షిఫ్టులోనే ఉంచమని అడుగుతున్నాడు. ఎవరేది కోరితే అది వీలైనంతవరకు ఇవ్వాలని మేమే పెట్టుకున్న నియమం. ఎవరూ నా మొహం చూడలేదు. ఏకగ్రీవంగా ఒప్పుకున్నాం. ఆయన పేరు కొట్టేసి కింది వరసలో నేనే రాశాను.

ఒకటో తారీఖున వాన వెలిసింది. రెండు గంటలకు సైరను మోగింది. నేను గేటులోంచి బయటికి వచ్చేసరికి ఆయన ఎప్పటిలాగే అక్కడ ఉన్నాడు. అలవాటుగా చెయ్యి చాచాను.

"తాళం వెయ్యలేదు. నాన్న ఇంట్లోనే ఉన్నాడు" అని చెప్పి, ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.